పెట్టెలో సర్దిన ప్రోగ్రాం: కంటైనర్ ఇమేజ్‌లు, వాటిని దాచి పంచే రిజిస్ట్రీలు



“మా సిస్టంలో పనిచేసింది సార్!” కంప్యూటర్ చదివే ప్రతి విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అని ఉంటాడు. డిగ్రీ చివరి సంవత్సరంలో మేమూ అన్నాం. మేము ముగ్గురం కలిసి ఒకే లాప్‌టాప్ మీద నెల రోజులు కష్టపడి ఒక చిన్న ప్రాజెక్టు చేశాం. ముందు రోజు రాత్రి వరకు చక్కగా నడిచింది. మరుసటి ఉదయం ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారి ముందు నడపబోతే మొదటి వరుసలోనే తప్పు చూపించింది. మా లాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3.10, ల్యాబ్‌లో ఉన్నది పైథాన్ 3.6. మేము వాడిన “మ్యాచ్” అనే వాక్యం 3.10 నుంచే వచ్చింది, పాత పైథాన్‌కు అది తెలియదు. అరగంట తంటాలు పడ్డాం. ఆయన ఓపికగా చూసి, రికార్డు తిరగేసి, “సరే, కూర్చోండి” అన్నారు. ప్రోగ్రాం నడిచి ఉంటే రావలసిన మార్కులు మాత్రం రాలేదు.

ఇది మా ముగ్గురి సమస్యే కాదనీ, ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నీ ఇదే బాధ పడ్డాయనీ, దానికి ఒక చక్కటి పరిష్కారం కూడా కనిపెట్టాయనీ పి.జి.లో చేరిన తర్వాత తెలుసుకున్నాం. ఆ పరిష్కారం పేరు కంటైనర్. తయారైన కంటైనర్‌ను దాచుకోవడానికి, వెతుక్కోవడానికి, పదిమందికీ పంచడానికి ఉన్న చోటు పేరు రిజిస్ట్రీ. మేము నేర్చుకున్నంత వరకు ఈ వ్యాసంలో మీకు చెప్పాలని మా ప్రయత్నం.

ఒక మనవి. ఇందులోని కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాశాం. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్లంలో, అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

1. కంటైనర్ అంటే ఏమిటి?

మనం హాస్టల్‌లో చేరిన మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి. చేతిలో ఒక ట్రంకు పెట్టె. అందులో కంచం, గ్లాసు, దుప్పటి, సబ్బు, పుస్తకాలు, తాళం. ఏ హాస్టల్‌కు పంపినా ఆ పెట్టె పట్టుకుపోతే చాలు, గంటలో మన బతుకు మొదలవుతుంది. గోడలు, పైకప్పు, నీళ్ల ట్యాంకు, వంటగది మాత్రం అందరికీ ఉమ్మడి.

కంటైనర్ కూడా అంతే. ఒక ప్రోగ్రాం నడవాలంటే దానికి సరైన వెర్షన్ భాష, లైబ్రరీలు, సెట్టింగులు కావాలి. వాటన్నింటినీ ప్రోగ్రాంతో కలిపి ఒకే పెట్టెలో సర్దేస్తారు. ఆ పెట్టెను ఏ కంప్యూటర్‌లో తెరిచినా ప్రోగ్రాం తన సామానుతోనే నడుస్తుంది. ఆ కంప్యూటర్‌లో పైథాన్ ఉందా, ఉంటే ఏ వెర్షన్ అనే ప్రశ్నే రాదు. ఆపరేటింగ్ సిస్టంలో గుండెకాయ లాంటి భాగం కెర్నల్. అది మాత్రం ఆ కంప్యూటర్‌దే, అన్ని కంటైనర్లకూ ఉమ్మడి.

దీనికి ముందు నుంచీ వర్చువల్ మెషీన్ అనే పద్ధతి ఉంది. అందులో ప్రతి ప్రోగ్రాంకూ కెర్నల్‌తో సహా మొత్తం ఒక ఆపరేటింగ్ సిస్టం ఇస్తారు. అంటే ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ఇల్లు కట్టివ్వడం లాంటిది. భద్రత ఎక్కువే గాని మెమరీ, డిస్కు చాలా ఖర్చవుతాయి. కంటైనర్ పద్ధతిలో ఇల్లు ఒకటే, పెట్టెలు వేరు. అందుకే అది క్షణాల్లో మొదలవుతుంది.

ఒకే హాలులో ఉన్నా ఒకరి పెట్టె ఒకరు తెరవకుండా ఉండాలి కదా! అందుకు లైనక్స్ కెర్నల్‌లో రెండు ఏర్పాట్లున్నాయి. నేమ్‌స్పేస్‌లు అనేవి ఒక్కో కంటైనర్‌కు దాని సొంత ఫైళ్లు, సొంత ప్రాసెస్‌లు, సొంత నెట్‌వర్క్ మాత్రమే కనిపించేట్లు చేస్తాయి. సీ గ్రూపులు అనేవి ఎవరు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో కొలిచి ఇస్తాయి.

2. కొంచెం చరిత్ర

కంటైనర్ అనే పేరు రేవుల నుంచి వచ్చింది. పూర్వం ఓడలో సరుకును బస్తాలుగా, పీపాలుగా, మూటలుగా కూలీలు మోసి ఎక్కించేవారు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే రవాణా వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడలో 58 పెట్టెలను న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టెలో ఏముందో క్రేనుకు అనవసరం, పెట్టె కొలత ఒకటే అయితే చాలు. ఈ రోజు విశాఖ రేవులో వరుసగా పేర్చి కనిపించే పెట్టెలన్నీ ఆ ఆలోచనకు వారసులే.

సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆలోచన ఒక్కరోజులో రాలేదు. 1979లో యూనిక్స్ ఏడవ ఎడిషన్‌లో ‘సీహెచ్ రూట్’ అనే సదుపాయం వచ్చింది. ఒక ప్రోగ్రాంకు డిస్కులో కొంత భాగమే మొత్తం డిస్కు అన్నట్లు చూపించడం దాని పని. 2000లో ఫ్రీ బీఎస్‌డీలో ‘జైల్స్’ వచ్చాయి. గూగుల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన సీ గ్రూపులు 2008లో లైనక్స్ కెర్నల్‌లో చేరాయి. 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైథాన్ సదస్సులో సోలమన్ హైక్స్ అనే యువకుడు ఐదు నిమిషాల చిన్న ప్రసంగంలో ‘డాకర్’ను చూపించాడు. అప్పటికే ఉన్న కష్టమైన ఏర్పాట్లను అది నాలుగైదు సులువైన కమాండ్లుగా మార్చింది. డాకర్ అంటే రేవు కూలీ అనే అర్థం. 2014 జూన్‌లో డాకర్ 1.0తో పాటు ‘డాకర్ హబ్’ వచ్చింది. 2015లో అనేక కంపెనీలు కలిసి ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ అనే సంస్థను ఏర్పరచి, పెట్టె కొలతలు అందరికీ ఒకేలా ఉండేట్లు నియమాలు రాయడం మొదలుపెట్టాయి. అందువల్ల ఒకరి పనిముట్టుతో కట్టిన పెట్టెను ఇంకొకరి పనిముట్టుతో విప్పవచ్చు. డాకర్ బదులు పాడ్‌మ్యాన్ అనే ఉచిత పనిముట్టు వాడినా ఈ వ్యాసంలోని విషయాలు చాలావరకు వర్తిస్తాయి.

3. ఇమేజ్, పొరలు

ఇమేజ్, కంటైనర్ అనే రెండు మాటలను విద్యార్థులు తరచు కలిపేస్తుంటారు. ఇమేజ్ అంటే తాళం వేసి ఉన్న పెట్టె. అందులోది మారదు. దాన్ని తెరిచి నడిపినప్పుడు నడుస్తున్నది కంటైనర్. ఒకే ఇమేజ్ నుంచి ఎన్ని కంటైనర్లనైనా నడపవచ్చు.

ఇమేజ్ ఒకే ముద్దగా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. మన మెస్‌లో అన్నం అందరికీ ఒకే గుండిగలో వండుతారు. సోమవారం పప్పు, మంగళవారం సాంబారు మారతాయి గాని అన్నం అన్నమే. అలాగే అడుగున లైనక్స్ ఫైళ్ల పొర, దానిపైన పైథాన్ పొర, దానిపైన లైబ్రరీల పొర, అన్నింటికన్నా పైన మన ప్రోగ్రాం పొర. పది ప్రాజెక్టులు ఒకే పైథాన్ పొరల మీద కట్టినవైతే ఆ పొరలు మన డిస్కులో ఒక్కసారే ఉంటాయి. డౌన్‌లోడు కూడా ఒక్కసారే. రోజుకింత డేటా అని లెక్క చూసుకునే మనలాంటి వారికి ఇది చిన్న విషయం కాదు.

ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే వంట చీటీ పేరు ‘డాకర్‌ఫైల్’. మా ప్రాజెక్టుకు మేము రాసినది ఇది:

ఫ్రమ్ పైథాన్:3.12-స్లిమ్
వర్క్‌డిర్ /యాప్
కాపీ రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి .
రన్ పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి
కాపీ . .
సిఎండి పైథాన్ యాప్.పివై

మొదటి వరుస: ఎవరో కట్టి ఉంచిన పైథాన్ ఇమేజ్ మీద మనది కట్టమని. రెండవది: లోపల ఏ ఫోల్డర్‌లో పని జరగాలో. మూడు, నాలుగు: కావలసిన లైబ్రరీల జాబితాను తీసుకుని వాటిని లోపల పెట్టమని. ఐదవది: మన ఫైళ్లన్నీ కాపీ చేయమని. చివరిది: పెట్టె తెరవగానే ఏమి నడపాలో.

లైబ్రరీల జాబితాను ముందు, మన ప్రోగ్రాంను తర్వాత కాపీ చేయడానికి కారణం ఉంది. ఒక పొర మారితే దాని పైనున్న పొరలన్నీ మళ్లీ కట్టాలి. ప్రోగ్రాంను రోజుకు పదిసార్లు మారుస్తాం, లైబ్రరీలను ఎప్పుడో గాని మార్చం. తరచు మారేదాన్ని పైన పెడితే కింది పొరలు అలాగే ఉంటాయి, లైబ్రరీలు ప్రతిసారీ డౌన్‌లోడు కావు.

4. రిజిస్ట్రీ అంటే ఏమిటి?

పై చీటీలో మొదటి వరుస చూశారు కదా! ఆ ‘పైథాన్’ ఇమేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? రిజిస్ట్రీ నుంచి. రిజిస్ట్రీ అనేది ఇమేజ్‌ల గ్రంథాలయం. అందులో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో అర ఉంటుంది, దాన్ని రిపాజిటరీ అంటారు. ఆ అరలో ఒకే ప్రాజెక్టు యొక్క వేర్వేరు వెర్షన్లు ఉంటాయి. వెర్షన్‌ను గుర్తుపట్టడానికి అంటించిన చీటీ పేరు ట్యాగ్.

అందరికీ తెలిసిన రిజిస్ట్రీ డాకర్ హబ్. రెడ్ హ్యాట్ వారి క్వే, గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీ, అమెజాన్, గూగుల్ వారి రిజిస్ట్రీలు కూడా ఉన్నాయి. సొంత ఆఫీసులో పెట్టుకోవడానికి హార్బర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీటన్నింటితో ఒకే విధంగా మాట్లాడేందుకు నియమాల తొలి పూర్తి వెర్షన్ 2021లో విడుదలైంది.

ఒక ఇమేజ్ పూర్తి పేరు ఇలా ఉంటుంది:

డాకర్.ఐఓ/లైబ్రరీ/పైథాన్:3.12-స్లిమ్

ఇది ఉత్తరం మీద చిరునామా వంటిది. మొదటి ముక్క ఏ రిజిస్ట్రీయో చెబుతుంది. రెండవది ఎవరి ఖాతాయో చెబుతుంది. ‘లైబ్రరీ’ అని ఉంటే అది డాకర్ హబ్‌లోని అధికారిక ఇమేజ్ అన్నమాట. మూడవది రిపాజిటరీ పేరు. కోలన్ తర్వాతది ట్యాగ్. మనం ఉత్త ‘పైథాన్’ అని రాస్తే, మిగిలినవి డాకరే పూరించుకుంటుంది. ట్యాగ్ రాయకపోతే ‘లేటెస్ట్’ అని వేసుకుంటుంది.

ఈ ‘లేటెస్ట్’ దగ్గర చాలామంది పొరబడతారు. దాని అర్థం అన్నింటికన్నా కొత్తది అని కాదు. ట్యాగ్ చెప్పనప్పుడు వాడే మామూలు పేరు, అంతే. దాన్ని ఏ వెర్షన్‌కు అంటించాలో ఆ అర యజమాని ఇష్టం. పైగా ట్యాగ్‌ను ఒకచోటి నుంచి పీకి మరోచోట అంటించవచ్చు. “మన హాస్టల్ వార్డెన్ గారు” అంటే ఈ ఏడు ఒకరు, బదిలీ అయితే వచ్చే ఏడు ఇంకొకరు. పిలుపు అదే, మనిషి వేరు. ఇవాళ ‘లేటెస్ట్’తో నడిచిన ప్రాజెక్టు ఆరు నెలల తర్వాత నడవకపోవడానికి ఇదే కారణం.

మనిషి మారకుండా ఉండాలంటే వేలిముద్ర కావాలి. ఇమేజ్‌కు వేలిముద్ర డైజెస్ట్. షా-256 అనే గణిత పద్ధతితో ఇమేజ్ వివరాల నుంచి 64 అక్షరాల వరుసను లెక్కిస్తారు. ఇమేజ్‌లో ఒక్క అక్షరం మారినా ఈ వరుస మొత్తం మారిపోతుంది. అందుకే పరీక్షకు ఇచ్చే ప్రాజెక్టులో కనీసం 3.12-స్లిమ్ వంటి స్పష్టమైన ట్యాగ్ రాయాలి. ఇంకా గట్టిగా ఉండాలంటే డైజెస్ట్‌నే రాయాలి.

5. మంచి ఇమేజ్‌ను వెతకడం

డాకర్ హబ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకవచ్చు, లేదా టెర్మినల్‌లో ‘డాకర్ సెర్చ్ పైథాన్’ అని కొట్టవచ్చు. పేరు, వివరణ, ఎంతమంది స్టార్ ఇచ్చారు, అధికారికమా కాదా అనేవి వరుసగా వస్తాయి. ఫలితాలు చాలా ఉంటాయి. ఏది తీసుకోవాలి? మేము పాటించే పద్ధతి ఇది.

ఒకటి, అధికారిక ఇమేజ్ ఉందా అని చూస్తాం. పైథాన్, పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్, ఉబుంటు వంటి వాటికి ఉన్నాయి. లేకపోతే ధ్రువీకరించిన ప్రచురణకర్త గుర్తు ఉన్నదాన్ని చూస్తాం.

రెండు, చివరిసారి ఎప్పుడు మార్చారో చూస్తాం. ఏళ్ల తరబడి ముట్టుకోని ఇమేజ్‌లో, తర్వాత బయటపడిన భద్రతా లోపాలన్నీ అలాగే ఉంటాయి.

మూడు, డాకర్‌ఫైల్ బహిరంగంగా ఉందా అని చూస్తాం. వంట చీటీ చూపించని వంట తినడానికి కాస్త ఆలోచించాలి.

నాలుగు, మన ప్రాసెసర్‌కు సరిపోతుందా అని చూస్తాం. మామూలు లాప్‌టాప్‌లు ఏఎండీ64 రకం. రాస్ప్‌బెర్రీ పై, కొత్త ఆపిల్ కంప్యూటర్లు ఆర్మ్64 రకం.

ఐదు, పరిమాణం చూస్తాం. మామూలు పైథాన్ ఇమేజ్ విప్పిన తర్వాత ఒక జీబీ దరిదాపుల్లో ఉంటుంది. ‘స్లిమ్’ రకం అందులో చిన్న భాగమే. అల్పైన్ లైనక్స్ ఇమేజ్ అయితే 10 ఎంబీ లోపే. అయితే అల్పైన్‌లో అడుగున వాడే సీ లైబ్రరీ వేరు కాబట్టి కొన్ని పైథాన్ ప్యాకేజీలు ఇబ్బంది పెడతాయి. కొత్తవారికి స్లిమ్ మేలు.

ఎక్కువమంది దించుకున్నారు కాబట్టి మంచిదే అయి ఉంటుందని మాత్రం అనుకోవద్దు. 2018లో భద్రతా పరిశోధకులు డాకర్ హబ్‌లోని ఒకే ఖాతాలో 17 చెడ్డ ఇమేజ్‌లను బయటపెట్టారు. వాటిలో కొన్ని, దించుకున్నవారి కంప్యూటర్లను వారికి తెలియకుండా క్రిప్టో నాణేల తవ్వకానికి వాడుకున్నాయి. తొలగించే నాటికి అవన్నీ కలిపి 50 లక్షల సార్లకు పైగా డౌన్‌లోడు అయ్యాయి. సంతలో జనం మూగిన చోటల్లా సరుకు మంచిది కాదు.

6. పుల్ అంటే లోపల ఏమి జరుగుతుంది?

‘డాకర్ పుల్ పైథాన్:3.12-స్లిమ్’ అని కొట్టగానే మొదట మన కంప్యూటర్ రిజిస్ట్రీని మ్యానిఫెస్ట్ అనే పత్రం అడుగుతుంది. అది లారీతో పాటు వచ్చే సరుకు జాబితా వంటిది. అనేక రకాల ప్రాసెసర్లకు వేర్వేరు ఇమేజ్‌లు ఉంటే ముందు ఆ పట్టిక వస్తుంది, అందులో మనకు తగినది ఎంపిక అవుతుంది. ఏయే పొరలున్నాయి, ఒక్కోదాని డైజెస్ట్ ఎంత, పరిమాణం ఎంత అనేవి మ్యానిఫెస్ట్‌లో ఉంటాయి.

తర్వాత మన డిస్కులో ఇప్పటికే ఉన్న పొరలను వదిలి, లేనివాటిని మాత్రమే దించుకుంటుంది. సాధారణంగా ఒకేసారి మూడు పొరలు దిగుతాయి. దిగిన ప్రతి పొర వేలిముద్రను మళ్లీ లెక్కించి జాబితాతో పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఒప్పుకోదు. దారిలో ఎవరూ మార్చలేదని, సగంలో తెగిపోలేదని దీనివల్ల నమ్మకం. అయితే ఆ పెట్టెను కట్టినవాడు మంచివాడా కాదా అనేది డైజెస్ట్ చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

7. మన ఇమేజ్‌ను పంచడం

ముందుగా డాకర్ హబ్‌లో ఉచిత ఖాతా తెరవాలి. తర్వాత మూడు మెట్లు.

డాకర్ లాగిన్
డాకర్ బిల్డ్ -టి ఖాతాపేరు/ప్రాజెక్టు:1.0 .
డాకర్ పుష్ ఖాతాపేరు/ప్రాజెక్టు:1.0

మొదటిది మనమెవరో చెబుతుంది. ఇక్కడ అసలు పాస్‌వర్డ్ బదులు, వెబ్‌సైట్‌లో తయారు చేసుకున్న యాక్సెస్ టోకెన్ వాడటం మంచిది. అది పోయినా దాన్నొక్కదాన్నే రద్దు చేయవచ్చు. రెండవది డాకర్‌ఫైల్ చదివి ఇమేజ్ కడుతుంది. చివరి చుక్కను మరిచిపోవద్దు, ఈ ఫోల్డర్ అని దాని అర్థం. మూడవది రిజిస్ట్రీకి పంపుతుంది. రిజిస్ట్రీలో లేని పొరలు మాత్రమే వెళతాయి. మొదటిసారి ఆలస్యమైనా, ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసి రెండవసారి పంపితే కొన్ని సెకన్లలో అయిపోతుంది.

ఆ తర్వాత ఎక్కడున్న మిత్రుడైనా ‘డాకర్ రన్ ఖాతాపేరు/ప్రాజెక్టు:1.0’ అని కొడితే చాలు, మన పెట్టె అక్కడ తెరుచుకుంటుంది. పి.జి. మొదటి సంవత్సరం ప్రాజెక్టును మేము ఇలాగే ల్యాబ్‌లో నడిపించాం. అక్కడి కంప్యూటర్‌లో డాకర్ తప్ప మా సామాను ఏమీ లేదు. ఒకే వరుసతో నడిచింది. డిగ్రీలో పోయిన మార్కులు తిరిగి రాలేదు గాని మనసులోని బరువు దిగింది.

8. మేము చేసిన తప్పు

మీరు ఈ తప్పు చేయకూడదని చెబుతున్నాం. మా మొదటి ఇమేజ్‌ను అందరికీ కనిపించే రిపాజిటరీలో పెట్టాం. ‘కాపీ . .’ అనే వరుస ఫోల్డర్‌లోని ఫైళ్లన్నింటినీ తీసుకుపోతుంది కదా! ప్రాజెక్టు నుంచి మెయిల్ పంపడానికి మేము వాడిన పాస్‌వర్డ్, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగుల ఫైలు కూడా అందులో వెళ్లిపోయింది. వారం తర్వాత మా సీనియర్ అన్న ఒకాయన చూసి చెప్పారు.

కంగారుపడి డాకర్‌ఫైల్ చివర ఆ ఫైలును తుడిచేసే వరుస ఒకటి చేర్చి మళ్లీ పుష్ చేశాం. పని అయిపోయిందనుకున్నాం. ఆ అన్న నవ్వి, కొత్త ఇమేజ్‌ను ‘డాకర్ సేవ్’తో ఒక ఫైలుగా తీసి, పొరలను ఒక్కొక్కటిగా విప్పి, కింది పొరలో మా పాస్‌వర్డ్ చూపించారు. పొర అంటే అదే. గోడ మీద రాసిన రాత మీద కాగితం అంటిస్తే పైకి కనిపించదు, కాగితం కిందే ఉంటుంది. పై పొరలో తుడిచినా కింది పొర అలాగే ఉంటుంది.

ఆయన అప్పుడు నేర్పింది ఇది. మొదట పాస్‌వర్డ్‌ను మార్చాలి, ఒకసారి బయటపడింది ఎవరో ఒకరు చూశారనే అనుకోవాలి. తర్వాత ఆ ట్యాగ్‌ను రిజిస్ట్రీ నుంచి తీసేయాలి. ఆ తర్వాత ‘.డాకర్‌ఇగ్నోర్’ అనే ఫైలు రాసి, కాపీ కాకూడని ఫైళ్ల పేర్లు అందులో పెట్టాలి. రహస్యాలను ఇమేజ్ లోపల ఎప్పుడూ పెట్టకూడదు. నడిపేటప్పుడు బయటి నుంచి ఇవ్వాలి. పుష్ చేసే ముందు మరొకరికి చూపించాలి.

పెద్దవారికి కూడా ఇటువంటివి తప్పలేదు. 2019 ఏప్రిల్‌లో డాకర్ హబ్ డేటాబేస్‌లలో ఒకదానిలోకి అనుమతి లేనివారు చొరబడ్డారనీ, దాదాపు 1,90,000 ఖాతాల వివరాలు బయటపడి ఉండవచ్చనీ ఆ సంస్థే ప్రకటించింది. కాబట్టి ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడే అలవాటు మానుకోవాలి.

9. నెట్ తక్కువగా ఉన్నచోట ఏమి చేయాలి?

2020 నవంబరు నుంచి డాకర్ హబ్‌లో ఉచితంగా దించుకోవడానికి పరిమితి పెట్టారు. అప్పటి నియమం ప్రకారం లాగిన్ కాకుండా అయితే ఒక ఐపీ చిరునామాకు ఆరు గంటల్లో 100 సార్లు, ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200 సార్లు. ఈ సంఖ్యలు మారుతుంటాయి, వాడే రోజున చూసుకోవాలి. వంద అంటే చాలా ఎక్కువ కదా అనిపిస్తుంది. కాని కళాశాలలో వందలాది కంప్యూటర్లు బయటి ప్రపంచానికి ఒకే ఐపీ చిరునామాగా కనిపిస్తాయి. ప్రాజెక్టు ఇవ్వవలసిన ముందు రోజు అందరూ ఒకేసారి మొదలుపెడితే సాయంత్రానికి “మరీ ఎక్కువ అభ్యర్థనలు” అని సందేశం వస్తుంది. మాకూ వచ్చింది. నియమం తెలియక లాగిన్ కాకుండా వాడటం మా పొరపాటు. లాగిన్ అయితే లెక్క మన ఖాతాకు వేరుగా ఉంటుంది.

అంతకన్నా మంచి ఉపాయం, ఒకరు దించి అందరికీ పంచడం. అందుకు రెండు మార్గాలున్నాయి.

మొదటిది పెన్ డ్రైవ్. ‘డాకర్ సేవ్ -ఓ పైథాన్.టార్ పైథాన్:3.12-స్లిమ్’ అంటే ఇమేజ్ ఒక ఫైలుగా మారుతుంది. దాన్ని మరో కంప్యూటర్‌లో పెట్టి ‘డాకర్ లోడ్ -ఐ పైథాన్.టార్’ అంటే సరి. నెట్ అవసరమే లేదు. సినిమాలు పంచుకునే పెన్ డ్రైవ్‌లో ఇది కూడా పంచుకుందాం!

రెండవది సొంత రిజిస్ట్రీ. రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ కూడా ఒక ఇమేజ్‌గా దొరుకుతుంది. ‘డాకర్ రన్ -డి -పి 5000:5000 రిజిస్ట్రీ:2’ అంటే మన కంప్యూటరే 5000 నంబరు పోర్టు మీద చిన్న గ్రంథాలయం అవుతుంది. ల్యాబ్‌లోని మిగతా కంప్యూటర్లు అక్కడి నుంచి తీసుకోవచ్చు. దీనికి సర్టిఫికెట్ గానీ, ల్యాబ్‌లో ప్రయోగానికి మాత్రమే అయితే ఒక్కో కంప్యూటర్‌లో అనుమతి సెట్టింగు గానీ కావాలి. ల్యాబ్ చూసుకునే సార్‌ను అడిగి చేయండి.

లాప్‌టాప్ గురించి ఒక మాట. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ వేసుకుంటే దాని అడుగున ఒక లైనక్స్ నడుస్తుంది. 4 జీబీ మెమరీ ఉన్న పాత లాప్‌టాప్‌లో అది ఈడ్చుకుంటూ పోతుంది. అటువంటివారు ఉబుంటు వేసుకుని, అందులో డాకర్ ఇంజిన్ మాత్రం పెట్టుకుంటే హాయిగా నడుస్తుంది. అది ఉచితం.

10. ముగింపు

మనలో చాలామంది ఇళ్లలో ఈ చదువు చదివినవారు మనకు ముందు లేరు. సందేహం వస్తే ఇంటికి ఫోను చేసి అడిగే వీలు లేదు. అమ్మానాన్నలు “తిన్నావా?” అని అడగగలరు గాని “ఎర్రర్ ఏమి వచ్చింది?” అని అడగలేరు. అందుకే మనకు తెలిసింది మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి. పెద్ద కంపెనీ ఇంజినీరు వాడే పైథాన్ ఇమేజ్, మన హాస్టల్ మూల గదిలో వాడే ఇమేజ్ ఒక్కటే. వేలిముద్రతో సహా ఒక్కటే. అది తెరవడానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.

తీసుకున్నవారు తిరిగి ఇవ్వడం కూడా నేర్చుకోవాలి. మీ ప్రాజెక్టు పూర్తయ్యాక దాన్ని చక్కగా కట్టి, ఎలా నడపాలో పది వరుసల వివరణ రాసి రిజిస్ట్రీలో పెట్టండి. వచ్చే ఏడు చేరే తమ్ముడు దాన్ని తెరిచి చూసి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుంటాడు. ఎగ్జామినర్ గారి ముందు మనం నిలబడినట్లు అతను నిలబడవలసిన పని ఉండదు.

గుర్తుంచుకోవలసినవి:
• ఇమేజ్ తాళం వేసిన పెట్టె, కంటైనర్ తెరిచి నడుస్తున్న పెట్టె.
• ట్యాగ్ పిలుపు వంటిది, మారవచ్చు. డైజెస్ట్ వేలిముద్ర వంటిది, మారదు.
• అధికారిక ఇమేజ్‌ను, చివరిగా మార్చిన తేదీని, డాకర్‌ఫైల్‌ను చూసి ఎంచుకోవాలి.
• పై పొరలో తుడిచిన రహస్యం కింది పొరలో ఉంటుంది.
• ఒకరు దించి పదిమందికి పంచితే డేటా, సమయం రెండూ మిగులుతాయి.

మీరే ప్రయత్నించండి:
1. ‘హలో-వరల్డ్’ అనే అధికారిక ఇమేజ్‌ను దించి నడపండి. దాని డైజెస్ట్‌ను మీ నోటుబుక్కులో రాసుకోండి. మీ మిత్రుడికి అదే వచ్చిందా? రాకపోతే మీ ఇద్దరి ప్రాసెసర్లు, దించుకున్న తేదీలు పోల్చి చూడండి.
2. పైథాన్ మామూలు ఇమేజ్, స్లిమ్ ఇమేజ్ పరిమాణాలను ‘డాకర్ ఇమేజెస్’ కమాండుతో చూసి తేడా రాయండి.
3. ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ ఫైలును ఇమేజ్‌లోకి కాపీ చేసి, తర్వాతి వరుసలో తుడిచేయండి. ‘డాకర్ సేవ్’తో పొరలు విప్పి అది ఎక్కడుందో పట్టుకోండి.

సందేహాలుంటే ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత స్టడీ హాలులో కలవండి. మాకు తెలిసింది చెబుతాం, తెలియనిది కలిసి వెతుకుదాం.

— ఎం.సి.ఎ. విద్యార్థి, హాస్టల్ మిత్రుల తరఫున